సుబ్బరాయప్ప కాలు

"గట్టిగా పట్టుమే! కుడి చెయ్యి మోకాలి కింద పెట్టు," అన్నాడు సుబ్బరాయప్ప.

పిల్లమ్మ పెట్టింది. పట్టు నిలవలేదు. మొగుడి కాలు దబ్బున మంచం మీద పడింది.

"నా చెయ్యి సంగతి నీకు తెలీదా? మీ తమ్ముణ్ణి రమ్మంటా. వాడైతే నీ కాలు ఎత్తి పట్టుకుంటాడు."

"వాడు వద్దు. నువ్వు పట్టుకుంటేనే నాకు నొప్పి తెలీదు."

మొండితనంలో ఆయన్ని మించినవాడు మారికుప్పం గని కార్మికుల లైన్ ఇళ్లన్నీ వెదికినా దొరకడు.

కిందటేడు పక్షవాతం వచ్చి పిల్లమ్మకు కుడి చేయి పడిపోయింది. ఆస్పత్రిలో వ్యాయామాలు చేయించే ఆంజినప్ప ఒక రబ్బరు బంతి ఇచ్చి, పొద్దూ మాపూ నొక్కమన్నాడు. రెండు రోజులు నొక్కి, విసుగొచ్చి అటక మీద పడేసింది. ఎడమ చేత్తో ఇల్లు గడిచిపోతోంది కదా, ఇంత ముసలితనాన చేతికి సేవలెందుకని ఆమె లెక్క. రాగి సంగటి గెలకడానికి మాత్రం రెండు చేతులూ కావాలి గనక పక్కింటి మునివెంకటమ్మ వచ్చేది.

అది చాలదన్నట్టు గనిలో బండ జారి సుబ్బరాయప్ప మోకాలి మీద పడింది. కట్టు విప్పాక కూడా కాలు నిలవలేదు.

"ఇంట్లోనే నూనె రాసి వంచాల, చాపాల, ఎత్తి పట్టాలక్కా. రెండు చేతులూ పెట్టాల," అని చెప్పి పోయాడు ఆంజినప్ప.

గనులు సర్కారువి అయిన ఏడాదే పనిలో చేరి, భూమి అడుగున తిరిగి తిరిగి రాటుదేలిన మనిషి సుబ్బరాయప్ప. అలాంటివాడు మంచాన పడితే పిల్లమ్మకు తిండి సహించలేదు. మళ్లీ నడుస్తాడా? మళ్లీ గనికి పోతాడా? ఆ దిగులుతోనే నూనె గిన్నె పట్టింది.

గనిలోకి మనుషుల్ని దించే కేజ్‌కు గంటలు కొట్టి సైగ చేసినట్టు, సుబ్బరాయప్ప చెంబుతో మంచం కోడు మీద కొట్టేవాడు. రెండు దెబ్బలైతే కాలు దించాలి. ఒక్క దెబ్బైతే అక్కడే ఆపి పట్టుకోవాలి. ఆ రెండు దెబ్బలు రోజురోజుకీ ఆలస్యంగా పడేవి. అంతసేపూ కాలు మోస్తూ పిల్లమ్మ పళ్లు బిగబట్టేది. భుజం మంటలెత్తేది. మనిషికి కనికరం లేదని లోలోపల తిట్టుకునేది.

అంతా అయ్యాక ఆయన రెండు చేతులూ ఎత్తి దండం పెట్టేవాడు.

"నీ చేతులు సల్లగుండ! ఈ పొద్దు సొల్పం హాయిగా ఉండాది."

పెళ్లయిన ఇన్నేళ్లలో ఎన్నడూ అంత మాట అన్నవాడు కాడు. ఆ మాట కోసమే మరునాడు ఆమె మళ్లీ గిన్నె తీసేది.

వానలు పోయి చలి వచ్చింది. సుబ్బరాయప్ప మాత్రం మంచం దిగలేదు.

ఒకరోజు ఆంజినప్ప వచ్చి, తన ముందే వ్యాయామం చేయించమన్నాడు. పిల్లమ్మ చేయించింది. చివరిదాకా చూసి, "బాగుండాదక్కా. ఇట్లే చేస్తా ఉండు," అన్నాడు.

"ఏం బాగప్పా? ఒక్క అడుగన్నా వెయ్యలేదు! నా పాడు చెయ్యి వల్లే కదా ఈయనకు గుణం కాలేదు? నిజం చెప్పు."

ఆంజినప్ప సుబ్బరాయప్ప వైపు ఒకసారి చూశాడు. "బేజారు చేసుకోవద్దక్కా. అన్న సెలవు అయిపోయేలోపల గుణమైపోతాది," అని చెప్పులు వేసుకున్నాడు.

వచ్చినవాడు ఆయన కాలు ముట్టనైనా ముట్టలేదు. ఆస్పత్రివాళ్లే ఆశ వదులుకున్నారని పిల్లమ్మకు అర్థమైపోయింది. వంటింట్లోకి పోయి కొంగు అడ్డం పెట్టుకొని ఏడ్చింది. ఏడుస్తూనే సంగటి గెలికి, ముద్ద కట్టి, తెచ్చి ఆయన ముందు పెట్టింది.

సుబ్బరాయప్ప ముద్దను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎవరు గెలికినారు?"

"ఇంగెవరు? నేనే. మునివెంకటమ్మ ఆవని గుడికి పోయింది. ఏం, ఉండలు కట్టిందా?"

"లేదు," అన్నాడు. ముద్ద పక్కన పెట్టి రెండు చేతులూ ఎత్తాడు. "నీ చేతులు సల్లగుండ!"

"నా చేతులకేమి దండాలు? ముందు నీ కాలు చూసుకో!"

ఎన్నాళ్ల బాధో ఆ కసురులో బయటపడింది. మళ్లీ ఆయన ముఖం చూడకుండా బిందె తీసుకొని వీధి కొళాయికి బయల్దేరింది.

ఆమె గడప దాటగానే సుబ్బరాయప్ప మంచం దిగి, చకచకా కిటికీ దాకా నడిచివెళ్లి, నిండు బిందెను ఏ చేత్తో ఎత్తుతుందో చూద్దామని నిలబడ్డాడు.