నాకు అర్థం కాలేదమ్మా

“ఇల్లు వదిలి వెళ్తుంటే ఆమె గుండె చెరువైంది. అర్థమైందా?” అంది టీచరమ్మ.

“అర్థమైందీ...” ఏడో తరగతి మొత్తం ఒకే గొంతుతో రాగం తీసింది.

ఒకటో తరగతిలో పట్టుబడే రాగం అది. బడి వదిలేదాకా మనిషిని వదలదు.

“నాకు అర్థం కాలేదమ్మా.”

గొంతు కిటికీ అవతల నుంచి వచ్చింది. వరండాలో, చివరి బెంచీని ఆనుకున్న కిటికీ కింద, చెక్కబల్ల మీద ఓ ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఒకటో తరగతి చదివే మనవణ్ణి తీసుకెళ్లడానికి వస్తాడు. బెల్లుకి చాలా ముందే వచ్చి కూర్చుంటాడు.

“గుండె చెరువెలా అవుతుందమ్మా? అన్ని నీళ్లు ఎక్కణ్ణుంచి వచ్చాయి?”

క్లాసంతా గొల్లుమంది. చివరి బెంచీ పిల్ల ఒక్కతే తల వంచుకుంది. నోట్లో నాలుక లేని పిల్ల, నవ్విందో లేదో కూడా ఎవరికీ తెలియదు.

టీచరమ్మకి ఒళ్లు మండింది. పెద్దాయన కదా అని తమాయించుకుని పుస్తకం మూసింది.

“వాన ఎక్కువైతే నీళ్లన్నీ వచ్చి చెరువులో నిండుతాయి కదండీ. దుఃఖం అలా వచ్చి నిండిపోయింది అని. ఏం పిల్లలూ, మీకెప్పుడైనా అలా అయిందా?”

“మా కుక్కపిల్ల తప్పిపోయినప్పుడు అయింది టీచర్,” అన్నాడొకడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

మర్నాడు పాఠంలో దొంగ కాళ్లకి బుద్ధి చెప్పాడు.

“బుద్ధి చెబితే దొంగకి చెప్పాలి గానీ, కాళ్లేం చేశాయమ్మా?” అంది కిటికీ.

ఆ తర్వాతి పాఠంలో ఎవరికోసమో ఎదురుచూసి ఎదురుచూసి కళ్లు కాయలు కాచాయి.

“ఏం కాయలు తల్లీ?”

పిల్లలు ఆయనకి కిటికీ తాత అని పేరు పెట్టేశారు. ఆయన నోరు విప్పితే చాలు, కడుపు పట్టుకుని నవ్వేవారు.

టీచరమ్మకి మాత్రం నవ్వు రాలేదు. ఆమెది ఇంకా తాత్కాలిక ఉద్యోగమే. నెలాఖరుకి ఆఫీసరు వస్తాడు. పుస్తకంలో తోచిన చోట వేలు పెట్టి పిల్లల్ని అడుగుతాడు. వాళ్లు చెబితే ఉద్యోగం ఖాయం. చెప్పకపోతే ఇంటికి పొమ్మంటారు, ఆ ఇల్లు నడిచేది ఈ జీతం మీదే. ఇక్కడ చూస్తే సగం పుస్తకం కూడా కాలేదు, కిటికీలో ఈ జోరీగ.

ఒకరోజు వాచ్‌మన్‌ని పిలిచి బల్లని గేటు దగ్గర వేయించింది.

“ఏమీ అనుకోకండి తాతగారూ. ఇది పిల్లల క్లాసు. మీ సందేహాలు తీరుస్తూ కూర్చుంటే నా పాఠాలు కావు.”

“అలాగే తల్లీ.” ఆయన లేచి చొక్కా దులుపుకున్నాడు. “ఒక్క మాట. చివరి బెంచీ పాపని కాస్త ముందుకి కూర్చోబెట్టమ్మా.”

“నా క్లాసు సంగతి నేను చూసుకుంటాను లెండి.”

ఆయన చిన్నగా నవ్వి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత పాఠాలు పరుగులు తీశాయి. అర్థమైందా? అర్థమైందీ. చూస్తుండగానే పుస్తకం అయిపోయింది. టీచరమ్మ హాయిగా ఊపిరి పీల్చుకుంది.

ఆఫీసరు వచ్చాడు.

“కళ్లు కాయలు కాయడమంటే?”

ఓ కుర్రాడు లేచాడు. “మా నాన్న డ్యూటీ నుంచి వస్తారని గేటు దగ్గర నిలబడతాను సార్. చూసి చూసి కళ్లు నొప్పి పుడతాయి. అయినా లోపలికి పోబుద్ధి కాదు. అదే సార్.”

ఆఫీసరు కళ్లజోడు తీసి వాణ్ణి చూశాడు. గుండె చెరువవడం, కాళ్లకి బుద్ధి చెప్పడం అడిగినా పిల్లలు అలాగే చెప్పారు. ఆయన మరో నాలుగు పేజీలు తిప్పాడు.

“చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే?”

క్లాసు బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంది. ఆ తర్వాత అడిగిన వాటికీ అంతే.

“కొన్ని ప్రాణం పెట్టి చెప్పావమ్మా. కొన్ని ఒట్టినే చదివేశావు,” అన్నాడాయన. “ఇంకో నెల చూస్తాను. మళ్లీ వస్తా.”

ఆయన వెళ్లాక టీచరమ్మ పుస్తకం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పిల్లలు చెప్పినవన్నీ కిటికీ తాత అడిగినవే. ఆయన అడగనిది ఒక్కటీ రాలేదు.

గబగబా గేటు దగ్గరికి వెళ్లింది. బల్ల మీద దుమ్ము పేరుకుని ఉంది.

వెనక్కి వచ్చి అడిగింది. “కిటికీ తాత రావడం లేదా?”

చివరి బెంచీ పిల్ల లేచి నిలబడింది. ఆ పిల్ల గొంతు టీచరమ్మ వినడం అదే మొదలు.

“రారు టీచర్. పోయినవారం చనిపోయారు.”

టీచరమ్మ కుర్చీలో కూలబడింది.

“నీకు తాతయ్య అవుతారా?”

“ఏమీ అవరు టీచర్. ఆ ప్రశ్నలు నావి. నాకు అర్థం కానిది కిటికీలోంచి మెల్లగా చెప్పేదాన్ని, ఆయన గట్టిగా అడిగేవారు.”

“నువ్వే అడగొచ్చు కదమ్మా?”

“అందరూ నవ్వుతారని భయం టీచర్. నన్ను చూసి నవ్వనీలే అన్నారు తాతగారు. అడిగితే మీ టీచరమ్మ ఎంత బాగా చెబుతుందో చూడు అనేవారు.”

టీచరమ్మ కళ్లు తుడుచుకుంది. “పాపం, ఆయనకే తెలియక అడుగుతున్నారనుకున్నాను.”

“ఆయనకీ తెలియదనే నేనూ అనుకున్నాను టీచర్. చివరి చూపుకి వెళ్తే, ఇంటి ముందు ఎంతమంది టీచర్లో నిలబడి ఏడుస్తున్నారు. వాళ్లందరికీ పాఠం చెప్పడం నేర్పింది ఆయనేనట.”