పలచబడని ద్రావణం

చీకటి పడ్డాక కెమిస్ట్రీ ల్యాబులో మహేశ్వరి ఒక్కతే మిగిలింది. పది మిల్లీలీటర్ల డైక్రోమేట్ ద్రావణం తీసి, నీళ్లు కలిపి వంద చేసింది. గాఢత పదో వంతుకు తగ్గాలి. మీటరు పాత అంకెనే చూపించింది. నారింజ రంగు కూడా తగ్గలేదు.

ఉత్త నీళ్లు పెట్టి చూసింది. సున్నా. మీటరు బాగానే ఉంది.

మళ్లీ పదింతలు పలచన చేసింది. మళ్లీ అదే అంకె. సింకు గొట్టంలో నీళ్లు జారుతున్న చప్పుడు తప్ప క్యాంపస్‌లో ఇంకే అలికిడీ లేదు. మిగిలిన ద్రావణం ప్రతిసారీ ఆ సింకులోనే పారబోసింది. అది విషమే. ఇంత పలచనయ్యాక ఏం కాదులే అని ల్యాబులో అందరూ చేసే పనే.

తార్నాకలో ఇద్దరూ ఉండే అద్దె గది నుంచి చెల్లెలు రజిని ఫోన్ చేసింది.

"అక్కా, నల్లాల ఆరెంజ్ జ్యూస్ వస్తున్నదే. ఫ్రీగనే."

"తాగకు."

"తాగిన గదా. నీళ్ల లెక్కనే ఉన్నది."

"ఎంత తాగినవ్?"

"ఒక్క గుటక. ఎందుకక్కా?"

ఒక్క గుటకే. మనిషి ఒంట్లో ముప్పై లీటర్ల నీళ్లుంటాయి. అందులో కలిస్తే ఎంత పలచబడుతుందో మహేశ్వరి అలవాటుకొద్దీ లెక్క కట్టబోయింది. చేతిలోని ఫ్లాస్కులో తగ్గని నారింజ రంగు చూసి ఆగిపోయింది.