లింగాల నుంచి వచ్చిన జాబు

“టీచరమ్మా, నా అడ్రసు మళ్ళా మారిందంట గదా!”

పెద్దముడియం గురివిరెడ్డి గొంతు వినబడగానే ప్రొద్దుటూరులో ఆ వీధి వీధంతా తలుపులు మూసుకుంది. మిషన్ స్కూల్లో కంప్యూటరు పాఠాలు చెప్పే విమల మాత్రం తలుపు తీసి కుర్చీ వేసింది.

“కరెంటు పోయింది రెడ్డప్పా. పోయి వచ్చినప్పుడల్లా ఇంటర్నెట్టోళ్ళు మా ఇంటికి కొత్త నంబరు ఇస్తారు. మీరు పూటకొక ఊర్లో ఉంటాండారు గదా, ఇదీ అట్లే.”

“నాకంటే పోలీసుల బాధ. దానికేం రోగం?”

అది 2008. మరుసటేడు ఎలక్షన్లు. పెద్ద కంపెనీల దగ్గర మెయిలు పెట్టుకుంటే పోలీసులు చదివేస్తారని గురివిరెడ్డికి ఎవరో చెప్పారు. దాంతో ఆయన ఉత్తరాలన్నీ విమల ఇంట్లో, బీరువా పక్కన గుర్రుమంటుండే, ఆమె సొంతంగా మెయిళ్ళు నడిపే పాత కంప్యూటరులోకి చేరాయి. తోడబుట్టిన తమ్ముణ్ణే నమ్మని మనిషి ఒక టీచరమ్మ డబ్బాను నమ్మాడు. కానీ టికెట్టు కోసం పార్టీ ఆఫీసుకు పంపిన అర్జీ మూడుసార్లు తిరిగొచ్చింది.

“ఇండ్ల నుంచి వచ్చే మెయిళ్ళను పెద్ద కంపెనీలు నమ్మవు రెడ్డప్పా. నంబరు నిలకడగా లేనోళ్ళంతా దొంగలనుకుంటారు. తిప్పి పంపుతారు, లేకుంటే చెత్తబుట్టలో ఏస్తారు.”

“గురివిరెడ్డిని చెత్తబుట్టలోనా? ఎవడు వాడు? యాడుంటాడు?”

“అమెరికాలో.”

“సరే. ఎలక్షన్లు కానీ, చూస్తాం.”

“ఈ డబ్బాలో పేరున్నోళ్ళకైతే నిమిషంలో పోతాది.”

“ఎవరెవరుండారు దాంట్లో?”

“నేను, మా పాస్టరుగారు, లింగాల చౌడారెడ్డి.”

కుర్చీ వెనక్కి పడింది. చౌడారెడ్డితో పన్నెండేండ్ల పగ! ఇప్పుడు వాడి ఉత్తరాలూ తన ఉత్తరాలూ ఒకే డబ్బాలో కాపురం చేస్తున్నాయా? దాన్ని అక్కడికక్కడే పగలగొడదామనుకున్నాడు. పగిలితే తనవీ పోతాయని ఆగాడు.

మూడో రోజు చౌడారెడ్డి పేరు మీద ఒక జాబు వచ్చింది. గురివిరెడ్డి ఇంట్లో కంప్యూటరు చూసే నబీ రసూల్ చదివి వినిపించాడు.

“గురివీ, నీ మోకాలినొప్పి ఎట్లుంది?”

గురివిరెడ్డి ముత్తాతల దాకా తిట్టి జవాబు చెప్పాడు. కొన్ని తిట్లకు స్పెల్లింగు రాక నబీ రసూల్ వదిలేశాడు. మళ్ళీ మర్యాదగానే బదులు వచ్చింది, ఉప్పు కాపడం పెట్టుకోమని. పెట్టుకుంటే నొప్పి తగ్గింది. ఆ కోపమూ చౌడారెడ్డి మీదే పోయింది.

రెండు నెలలకు తిట్లు సగమయ్యాయి. మూడో నెలలో తిట్టడం మరిచిపోయి, మీ పక్క చీనీతోటలు ఎట్లుండాయని అడిగాడు. అప్పుడొచ్చింది ఆ జాబు.

“ఆ పొద్దు మనం ఒకరి మీద ఒకరం ఏసుకున్న బాంబులు నీకు తగల్లేదు, నాకు తగల్లేదు. పోయినోడు బాడుగ జీపు డ్రైవరు ఆనందయ్య. ఆ పేరన్నా గుర్తుందా నీకు?”

గుర్తు లేదు. అదే గురివిరెడ్డిని పట్టుకుంది. ఆ రాత్రి అన్నం కలుపుతూ కంచం ముందు నుంచే నబీ రసూల్‌ను కేకేశాడు.

“ఇంక చాలు, కలుద్దాం రమ్మని రాయప్పా.”

జమ్మలమడుగులో ఒక చర్చి ఆవరణలో, పట్టపగలు, ఇద్దరూ మనుషుల్ని గేటు బయటే వదిలి లోపలికి వచ్చారు. జాబులు నడిచింది ఆమె డబ్బాలోనే గాబట్టి విమలనూ పిలిపించారు. గురివిరెడ్డే ముందు చెయ్యి చాచాడు.

“చౌడా, నువ్వు ఆనందయ్య మాట రాయకపోయింటే నేను ఈడికి వచ్చేవాణ్ణి కాదు.”

చౌడారెడ్డి చాచిన చెయ్యి మధ్యలోనే ఆగింది.

“నేను యాడ రాసినా? ఆ మాట నువ్వు గదా నాకు రాసింది! నా నడుమునొప్పి అడిగి మొదలుపెట్టిందే నువ్వు!”

ఇద్దరూ మెల్లగా విమల వైపు తిరిగారు.

“ఆనందయ్య మా అన్న,” అంది విమల.