రోలర్ ఆపే విధానం

"మాన్యువల్ పూర్తవగానే ఆ ఆపరేటర్‌ని ఉద్యోగంలోంచి పంపించేస్తున్నాం. మీరాయనకేం చెప్పకండి," అన్నాడు మేనేజరు.

ఫ్యాక్టరీలకు మాన్యువల్స్ రాసివ్వడం నా పని. వీళ్ల పేపరు రోలర్ గురించి ఎక్కడా ఒక్క ముక్క రాసి లేదు. అంతా ముప్పయ్యేళ్లుగా దాన్ని నడుపుతున్న ఆపరేటర్ బుర్రలోనే ఉంది. తొమ్మిది రోజులుగా ఆయన అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెబుతుంటే రాసుకున్నాను. మిషన్‌ని ఆపడం ఒక్కటే మిగిలింది.

కడుపులో దాచుకోలేక ఆయన దగ్గరికే వెళ్లాను.

"బాబాయ్‌గారూ, ఇక చెప్పకండి. ఇది రాసిస్తే మీ ఉద్యోగం పోతుంది."

ఆయన నూనె అంటిన చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. "తెలుసమ్మా. నువ్వు రాకముందే చెప్పారు."

"మరి ఇంత వివరంగా ఎందుకు చెప్పారు?"

"నాకంటే ముందు దీన్ని నడిపింది మా అన్నయ్య. చెబితే తన ఉద్యోగం ఎక్కడ పోతుందోనని కిటుకులన్నీ తన దగ్గరే పెట్టుకున్నాడు. ఆయన చెయ్యి రోలర్లలో ఇరుక్కున్న రోజు నేను పక్కనే ఉన్నాను. దీన్నెలా ఆపాలో నాకు తెలియలేదు."

నోట్‌బుక్ తెరిచాను.

"రాసుకోమ్మా," అన్నాడు. "ముందు ఎడమవైపు మీట."

రాసుకున్నాను.