గుంతకు నీళ్ళు

"ఆ బకెట్టు కింద పెట్టు ఓబుళేసూ. పెడతావా, నీ నెత్తినే కుమ్మరించమంటావా?"

చెన్నమ్మ కొంగు నడుముకు బిగించి అడ్డంగా నిలబడింది. ఆమె వెనక ఏడెనిమిది మంది ఆడవాళ్ళు, నెత్తిన ఒకటి, చంకలో ఒకటి నిండు బిందెలు. నాలుగు రోజుల తర్వాత ఊరికి ట్యాంకరు వచ్చింది. తోసుకుని, తిట్టుకుని, ఇంటికి రెండు బిందెల చొప్పున పట్టుకున్న నీళ్ళవి. బడి అటెండరు ఓబుళేసు మాత్రం అవే నీళ్ళు బకెట్లతో మోసుకొచ్చి బడి వెనక గుంతలో పోస్తున్నాడు. అక్కడ చెట్టు లేదు, మొక్క లేదు. ఉత్త గుంత, మధ్యలో ఒక ఇనుప పైపు.

"ఇది మూడో బకెట్టు," అంది హనుమంతమ్మ. "మా పిల్లోళ్ళకు నోరు తడుపుకునేదానికి లేవు. నువ్వు నేలకు తాపిస్తాండావు."

"నాకేమన్నా సరదానా అక్కా? కంప్యూటర్ల కోసరం."

"ఏమప్పా, అవి గూడా నీళ్ళు తాగుతాయా?"

ఆడవాళ్ళు నవ్వారు. ఓబుళేసు నవ్వలేదు. బకెట్టు కింద పెట్టాడు.

"నవ్వాకండి. ఆ కంప్యూటర్ల ఇనప డబ్బాల్లోకి కరెంటు కారితే ఈ గుంత దాన్ని భూమిలోకి లాగెయ్యాల. ఎర్తు అంటారు దీన్ని. తడిగా ఉంటేనే లాగుతాది. ఎండాకాలం బడి మూసినాము కదా, ఎండి పెంకయిపోయినాది. పొద్దున దుమ్ము తుడుస్తాంటే డబ్బా నన్ను కొట్టింది చెన్నమ్మత్తా. భుజం దాకా గుంజేసింది."

"కొడితే తలుపుకు బీగం ఎయ్యి. పిల్లోళ్ళను పోనీయాకు."

"ఆ మాట చెప్పినా. హెడ్మాష్టరు ఇంటాడా? బడి తెరిసే దినం గదా, పది గంటలకు పెద్ద సారు తనిఖీకి వస్తాండాడు. కంప్యూటర్లు పని చేయకపోతే ముదిగుబ్బ బడికి ఎత్తుకోని పోతారంట. ఈయనకేమో ఆ భయం. పిల్లోళ్ళంతా డబ్బాల మీద చేతులు పెట్టి కండ్లకద్దుకోవాలంట, ఫోటో తీస్తారంట. నీ మనవరాలు మొదటి డబ్బా కాడ, నా కూతురు రెండో డబ్బా కాడ."

చెన్నమ్మ మొహంలో కోపం అలాగే ఉంది. "అబద్ధాలు చెప్తే నాలుక కోస్తా. చూపించు."

ఓబుళేసు ఆమెను గదిలోకి తీసుకుపోయాడు. పది బల్లల మీద పది కంప్యూటర్లు, ఒక్కోదానికి పసుపు, కుంకుమ. జేబులోంచి టెస్టరు తీసి మొదటి డబ్బా ఇనుముకు ఆనించాడు. టెస్టరు పిడిలో చిన్న దీపం ఎర్రగా వెలిగింది.

"అది వెలిగినంతసేపు డబ్బాలో కరెంటు ఉండాదని అర్థం."

చెన్నమ్మ గబగబా గుంత దగ్గరికి నడిచి తన బిందెను బోర్లించింది. "చూస్తారేంది, పొయ్యండి," అంది. ఒకరి తర్వాత ఒకరు పోశారు. హనుమంతమ్మ దగ్గరికి వచ్చేసరికి ఆగింది.

"ఇంట్లో చంటోడు ఉండాడత్తా."

"సగం పొయ్."

హనుమంతమ్మ సగం పోసి, మిగతా సగాన్ని చూసుకుని, ఇంకొంచెం పోసింది. సర్కారు కంప్యూటర్లు పది ఇచ్చింది. వాటి నుంచి పిల్లల్ని కాపాడే నీళ్ళు ఈ ఆడవాళ్ళే ఇవ్వాల్సి వచ్చింది.

ఓబుళేసు పరుగెత్తి టెస్టరు పెట్టాడు. ఎర్రగా వెలిగింది.

"ఇంగా పొయ్యండి," అని కిటికీలోంచి కేక పెట్టాడు.

రెండో బిందెలూ ఖాళీ అయ్యాయి. గుంత బుడబుడమంటూ నీళ్ళన్నీ మింగేసింది. వరండాలో హెడ్మాష్టరు శ్రీరంగప్ప పిల్లల్ని వరసలో నిలబెడుతున్నాడు. జీపు చప్పుడు వినబడింది.

"దీపం ఆరిందా లేదా ఓబుళేసూ? పెద్ద సారు వచ్చేసినాడు," అని కేకేశాడు శ్రీరంగప్ప.

ఓబుళేసు కులదేవతను తలచుకుని మళ్ళీ మొదటి డబ్బాకు టెస్టరు ఆనించాడు. వెలగలేదు. రెండోదానికి పెట్టాడు, మూడోదానికి పెట్టాడు. పదింటికీ పెట్టాడు. ఎక్కడా వెలగలేదు.

"ఆరింది సార్," అన్నాడు. కిటికీ అవతల చెన్నమ్మ ఖాళీ బిందె చంకలో పెట్టుకుని, కళ్ళు తుడుచుకుంది.

పిల్లలు చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చారు. డబ్బాకు ఒకరు చొప్పున నిలబడ్డారు. చెన్నమ్మ మనవరాలు చౌడేశ్వరి మొదటి డబ్బా మీద రెండు అరచేతులూ ఆనించింది. రెండో డబ్బా దగ్గర ఓబుళేసు కూతురు నాయన వైపు చూసి నవ్వి, తానూ ఆనించింది.

"గట్టిగా పట్టుకోండి. ఫోటో అయ్యేదాకా ఎవురూ చెయ్యి తీయాకండి," అన్నాడు శ్రీరంగప్ప. పెద్ద సారు మధ్యలో నిలబడి చొక్కా సర్దుకున్నాడు.

"సార్, ఉడకపోస్తాండాది. ఫ్యాను ఎయ్యండి సార్," అంది చౌడేశ్వరి.

"ఏసే ఉండాది కదమ్మా, పొద్దున్నించీ," అన్నాడు శ్రీరంగప్ప, ఫోటో తీసేవాడి వైపే చూస్తూ.

ఓబుళేసు తల ఎత్తాడు. స్విచ్చి వేసే ఉంది. ఫ్యాను కదలడం లేదు. కరెంటు పోయి ఎంతసేపయిందో. చేతిలో ఆరిపోయిన టెస్టరును చూసుకున్నాడు. చేతులు తియ్యండని అరవడానికి నోరు తెరిచాడు.

పైన ఫ్యాను రెక్కలు మెల్లగా తిరగడం మొదలుపెట్టాయి.