తిననివాళ్లు

"నోరు తెరువురా, సంగటి సల్లారిపోతాది," అంది వరదమ్మ.

విరిగిన కుడిచేతికి పుత్తూరు కట్టుతో మునిప్రసాద్ ఎడమచేత్తోనే కంప్యూటర్ మీద టైపు చేస్తున్నాడు. వాళ్లింట్లోనే ఏళ్లుగా ఉంటున్న మేనత్త పెట్టిన ముద్ద మింగాడు.

"పొద్దస్తమానం ఏం సేస్తుండావురా దీంట్లో?"

"గుంపుల లెక్కలు సేసే ప్రోగ్రాం అత్తా. ఒక గుంపులోంచి ఇంకో గుంపును తీసేస్తే ఎవురు మిగుల్తారో సెప్తాది. సూడు, మనింట్లో వాళ్లంతా ఒక గుంపు, తిన్నోళ్లు ఇంకో గుంపు."

నాయన, అమ్మ, చెల్లెలు రూపశ్రీ, తను. నాలుగు పేర్లూ రెండు గుంపుల్లోనూ కొట్టి మీట నొక్కాడు. తెర మీద ఖాళీ బ్రాకెట్లు వచ్చాయి.

"ఏమీ రాలేదే?"

"అంటే మనింట్లో తిననోళ్లు ఎవురూ లేరని."

"గట్టిదే నీ మిషను!" అని నవ్వి, వరదమ్మ గిన్నె అడుగు ఊడ్చి ఆఖరి ముద్ద అందించింది.

ఆ చేతిని చూసి అతను ఆగిపోయాడు. "నువ్వు తింటివా అత్తా?"

"నీది కానీలే. కుండలో మాడు ఉండాదిలే నాకు."

అతను తెర వైపు తిరిగాడు. ఇంట్లోవాళ్ల గుంపులో అత్త పేరే రాయలేదు తను. రాసి, మళ్లీ నొక్కాడు. బ్రాకెట్ల మధ్య ఒకే పేరు వచ్చింది.

చదువు రాని వరదమ్మ తెరలోకి తొంగి చూసింది. "ఈ తూరి ఏందో వచ్చిందే. మిషను తప్పు సేసిందా?"

"మిషను కాదత్తా," అన్నాడు తల ఎత్తకుండా.