ఊరికే ఇచ్చిన సలహా

"ఆ కాలేజీలో చేర్చకండి."

చెరుకురసం గ్లాసు మహిపాల్ నోటి దగ్గరే ఆగింది.

ఉప్పల్‌లో మెట్రో పిల్లర్ నీడన గొడుగు పట్టుకుని ఒకామె నిలబడి ఉంది. ఎండకు ముఖం కందిపోయింది. ఆమె చూపు మహిపాల్ కూతురు స్పందన చేతిలోని కాలేజీ రంగుల కాగితం మీద ఉంది.

"పాప నీట్ రాసిందా?"

"రాసింది. మంచి ర్యాంకు రాలె. మల్ల రాస్తది. గందుకే గీ ప్రీ మెడికల్ డిగ్రీ."

మహిపాల్‌ది నాచారంలో బేరింగుల దుకాణం. నాలుగు చోట్ల అడగనిదే సరుకు కొనడు. ఈ కోర్సు అతనికి నచ్చింది. మూడేళ్లు బయాలజీ చదివితే పట్టా వస్తుంది, పనిలో పనిగా నీట్‌కూ తయారవుతుంది. సీటు రాకపోయినా పట్టా మిగులుతుంది. నష్టం లేని బేరం.

"డిగ్రీలో జెనెటిక్స్, మైక్రోబయాలజీ చెబుతారండీ. నీట్‌లో అడిగేది ఇంటర్ పుస్తకం. రెండు పడవల మీద పిల్ల నిలబడలేదు. పైగా డిగ్రీ ఉందని ఎంబీబీఎస్ సీటు ఎవరూ ఇవ్వరు."

"మరేం జెయ్యాలె?"

"ఈ ఏడాది ఇంట్లోనే చదివించండి. అప్పటికీ రాకపోతే ల్యాబులున్న కాలేజీ చూసి మంచి బీఎస్సీలో చేర్చండి. ఏం చేసినా, ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం వీళ్ల చేతికివ్వకండి."

స్పందన తండ్రి చొక్కా పట్టి లాగింది. "డాడీ, ఆంటీ చెప్పేది కరెక్టే గదా. ఇంట్లనే సదువుకుంట."

మహిపాల్ నవ్వాడు. అతని లెక్కలో ఊరికే ఎవరూ నోరు నొప్పి పెట్టుకోరు.

"మేడం, మీది ఏ కాలేజీ?"

ఆమె తడబడింది. "అది వదిలెయ్యండి."

"ఎట్ల ఇడుస్త? మా లైన్ల గూడ ఉంటరు, పక్క దుకాణం ముంగట నిలబడి గిరాకీని గుంజేటోళ్లు. ఒక్కో పిల్లకు ఎంతిస్తరు మీకు?"

ఆమె ఏదో అనబోయింది. అంతలో పక్కనే ఉన్న ఆ కాలేజీ గేటు లోంచి తెల్లచొక్కా కుర్రవాడొకడు బయటికొచ్చాడు. ఆమె గొడుగు ముఖానికి అడ్డం దించుకుని గబగబా రోడ్డు దాటింది.

"సూసినవా బిడ్డా? తప్పు లేకుంటే మొకమెందుకు దాసుకుంటది?"

తెల్లచొక్కా అతను దగ్గరికొచ్చాడు. "నమస్తే అన్నా. నేను తేజేష్, కాలేజీ పీఆర్వోను. ఎండల నిలబడ్డరేంది?"

"మీ కాలేజీల చేరొద్దని ఒకామె మస్తు చెప్పిపోయింది తమ్మీ."

"ఎవరన్నా?"

"అగో, గొడుగు."

తేజేష్ ఆ గొడుగు వంక కాసేపు చూశాడు. తర్వాత నవ్వాడు. "ఫికర్ జెయ్యకు అన్నా. ఏరే కాలేజోళ్లు గట్లనే జేస్తరు. అమెరికాల ముందుగాల డిగ్రీ, తర్వాతనే డాక్టర్ సదువు. మన దిక్కు మేమే ఫస్ట్. రా చెల్లె, లోపల ఏసీ ఉంది."

లోపల ఏసీ ఉంది. ఒరిజినల్స్ కవరు బల్ల మీద పెట్టి మహిపాల్ సంతకం చేశాడు.

దసరా నాటికి స్పందన చేతికి నీట్ పుస్తకం అందడం మానేసింది. రికార్డులు, అసైన్‌మెంట్లు, ఇంటర్నల్స్. జువాలజీ పీరియడ్‌లో మాత్రం ఖాళీ.

"మేడమే లేదు డాడీ. ఇగ ఈడ నాతోని కాదు. తీసెయ్యి నన్ను."

మహిపాల్ దుకాణం మూసి కాలేజీకి వెళ్లాడు. ఆఫీసులో స్వర్ణలత అనే క్లర్కు ఉంది.

"మూడేండ్ల ఫీజు కట్టినంకనే ఒరిజినల్స్ ఇస్తం సార్. మీరు సంతకం పెట్టిన కాగితంల ఉంది."

బతిమాలాడు. బెదిరించాడు. నాచారంలో ఏ బేరమైనా తెంపగల మనిషికి ఇక్కడ పట్టు చిక్కలేదు. వాళ్ల బీరువాలో కూతురు పదో తరగతి నుంచి సంపాదించుకున్నదంతా ఉంది.

చివరికి గొంతు తగ్గించాడు. "కనీసం జువాలజీ చెప్పెటోళ్లనన్న పెట్టున్రి. పిల్ల ఆగమైతుంది."

స్వర్ణలత తలుపు వైపు చూసి మెల్లగా అంది. "ఉండె సార్. అరుణకుమారి మేడం. మస్తు చెప్పేది. అడ్మిషన్లు తక్కువైనయని ఎండకాలమే తీసేసిన్రు."

"చదువు చెప్పెటామెకు అడ్మిషన్లతోని ఏం పని?"

"ఈడ లెక్చరర్లందరికీ టార్గెట్ ఉంటది సార్. ఎండల పడి ఇల్లిల్లు తిరగాలె. మేడంకు ఒక్కటే తక్కువైంది."

"ఒక్కటి దొరకలేదా?"

"దొరికింది సార్. ఆఖరి రోజు గేటు ముంగట ఓ తండ్రీబిడ్డ దొరికితే, లోపలికి తోలుకరాకుండ చేరకున్రి అని చెప్పిందట. గా తండ్రే పోయి తేజేష్ సార్‌కు చెప్పిండు."